గుండె కండరమునకు రక్తము చాలనప్పుడు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామారోగ్యమును గూర్చి ప్రసంగింపుమన్నచో, మంచినీటి బావులను, మురుగు కాలువలను, దోమలను గూర్చి మాటలాడుదుమని మీరు ఎదురుచూచుట సహజము. ఆ విషయముల ప్రాముఖ్యము తగ్గలేదు. కాని ఈ దినము మేము వేరొక విషయమును ఎన్నుకొంటిమి. అందులకు కారణమును ముందుగా మనవి చేయుదుము. 2003-04 లో ఉభయ గోదావరి జిల్లాలకు చెందిన 45 గ్రామములలో ఒక సంవత్సర కాలమున సంభవించిన మరణములకు కారణములేమో ఇంటింటను విచారించి లెక్క కట్టిరి. లెక్కకు వచ్చిన మరణములు 1,354. అందు నూటికి 32 గుండెకును రక్తనాళములకును సంబంధించిన జబ్బుల వలన కలిగినవి. అంటువ్యాధుల వలన కలిగినవి నూటికి 12. గుండెజబ్బు పట్టణములలో పరుపులపై కూర్చుండువారి జబ్బని, మడిలో దిగి పనిచేయువానికి అది రాదని మనలో చాలమంది నేటికిని నమ్ముచున్నారు. ఆ 45 గ్రామముల లెక్క ఆ నమ్మకమును నిలువనీయదు.

గుండెపోటు అను మాట అందరికిని తెలియును. కాని గుండెకు రక్తము తగ్గినప్పుడు ఆ కండరములోపల ఏమి జరుగునో తెలిసినవారు తక్కువ. అది తెలిసినచో, రోగి దగ్గర నిలిచియున్న మనము ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో ఒకరు చెప్పకయే బోధపడును. కావున ముందు కండరము సంగతి, తరువాత గ్రామము సంగతి చెప్పుదుము.

పెద్దవారి గుండె పిడికిలి కంటె కొంచెము పెద్దదిగా, సుమారు 300 గ్రాముల తూకముతో నుండును. దినమునకు ఇంచుమించు లక్ష సారులు కొట్టుకొనును. విశ్రాంతిగా కూర్చున్న మనిషిలో నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును తోడి పోయును. దినమునకు 7,000 లీటర్లకు పైబడును. ఇంత రక్తము తన గదులలోనుండియే పోవుచున్నను, ఆ రక్తము గుండె గోడలకు ఆహారమీయదు. లోపలి అంచున పలుచని పొరకు మాత్రము కొంత తడి తగులును. తక్కిన దళసరి కండరమంతయు తనకై ఏర్పడిన ప్రత్యేక ధమనులనుండియే రక్తమును పొందవలెను. ఊరి పొలములన్నిటికి నీరు వదలు లస్కరు, తన సొంత చేనికి మాత్రము తన వంతు వచ్చువరకు కాచుకొన్నట్లుండును.

ఈ ప్రత్యేక ధమనులు రెండు. గుండెనుండి బయలుదేరు పెద్ద ధమని మొదట్లోనే, ఆనకట్ట ప్రక్కనే తలతూములున్నట్లు, ఈ రెండును చీలును. ఎడమది వెంటనే మరల రెండు శాఖలగును. ఇవి గుండె పైభాగమున అల్లుకొని, అచటినుండి సన్నని పిల్లకాలువలను కండరములోనికి పంపును. విశ్రాంతి సమయమున నిమిషమునకు సుమారు పావు లీటరు రక్తము వీనిలో పారును. అనగా శరీరమున పారు రక్తములో ఇరువదింట నొక పాలు.

డెల్టా గ్రామముల సభ్యులకు ఇక్కడ ఒక సంగతి సులభముగా బోధపడగలదు. గుండె ముడుచుకొన్నప్పుడు కండరము బిగిసి తనలోని పిల్లకాలువలను తానే నొక్కివేయును. కావున ఎడమ గుండె గోడలకు రక్తము ముఖ్యముగా గుండె వదులైనప్పుడే చేరును. ఆ వదులు సమయమే దాని వంతు. గుండె వేగము పెరిగినకొలది ఈ వంతు కాలము తరిగిపోవును. పని హెచ్చినప్పుడే నీటి వంతు తగ్గునన్నమాట. పైగా ధమనులు పైనుండి లోనికి పోవుచున్నవి గనుక గోడ లోపలి అంచు శివారు ఆయకట్టు వంటిది. ఒత్తిడియు అచటనే ఎక్కువ. కాలువలో నీరు తగ్గినప్పుడు ముందుగా ఎండునది ఏ చేలో మీకు మేము చెప్పనక్కరలేదు.

ఇంకొక చిక్కు కలదు. శరీరములోని తక్కిన అవయవములు తమకు వచ్చిన రక్తమునుండి ప్రాణవాయువులో పావు భాగము మాత్రము తీసికొని తక్కినది తిరిగి పంపును. అవసరము కలిగినప్పుడు అందుండియే మరికొంత తీసికొనగలవు. గుండె అట్లు కాదు. విశ్రాంతిగా నున్నప్పుడే నూటికి 70 పాళ్లకు మించి పిండుకొనును. దానికి నిలువ లేదు, మిగులు లేదు. పని పెరిగినచో రక్తప్రవాహమే పెరుగవలెను. ఆరోగ్యవంతుని ధమనులు విప్పారి నాలుగు అయిదు రెట్లు ప్రవాహమును హెచ్చింపగలవు. ధమని ఇరుకైనవానికి ఆ అవకాశము పోవును. రక్తహీనత గలవారిలో ప్రవాహము సరిగానున్నను ఆ రక్తము మోయు ప్రాణవాయువు తక్కువ. మన గ్రామములలో రక్తహీనతతో నున్న స్త్రీలు ఎందరో కలరు. వారికి ధమనుల జబ్బు కూడ తోడైనచో ఆయాసము, నొప్పి త్వరగా కనబడును.

ఇక ఇంధనము సంగతి. గుండె ప్రధానముగా క్రొవ్వు ఆమ్లములను కాల్చి శక్తిని పొందును. నూటికి 60 నుండి 70 పాళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, అందుండియే వచ్చును. తక్కినది గ్లూకోజు నుండియు, లాక్టిక్ ఆమ్లము నుండియు లభించును. ఏది కాల్చినను ప్రాణవాయువు కావలెను. ఆ కాల్చుటవలన పుట్టిన శక్తి నేరుగా కండరమును కదల్పదు, ఏ.టి.పి. అను పదార్థముగా మారి, ఆ రూపమున ఖర్చగును. ధాన్యమును అమ్మి రూపాయలు చేసికొనినగాని బజారులో ఉప్పు కొనలేము గదా, అట్లే. గుండె కండరమున నిలువయుండు ఏ.టి.పి. సుమారు పది సెకనుల పనికి మాత్రమే చాలును. ఎప్పటికప్పుడు కొత్తది తయారగుచుండవలెను. ఒక దినమున గుండె తయారు చేసి ఖర్చు పెట్టు ఏ.టి.పి. అంతయు కూడినచో సుమారు 6 కిలోలగునని శాస్త్రజ్ఞుల లెక్క. అది తన బరువునకు ఇరువది రెట్లు. ఈ చిల్లర ఖజానాకు తోడుగా ఫాస్ఫోక్రియాటిన్ అను మరియొక నిలువ కలదు. ఏ.టి.పి. ఖర్చైన క్షణముననే ఇది దానిని మరల పూరించును.

ఈ రెండు పేర్లు చెప్పునప్పుడు ఒక తెలుగువానిని తలపకుండుట మాకు సాధ్యము కాదు. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, మద్రాసు వైద్య కళాశాలలో వైద్యము నేర్చి, 1923లో అమెరికాలోని బోస్టను నగరము చేరిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేసిరి. రక్తములోను కండరములోను భాస్వరమును కొలుచు ఒక సులువైన పద్ధతిని 1925లో వారిరువురును ప్రకటించిరి. ఆ కొలత వలననే 1927లో కండరములోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. వెలుగులోనికి వచ్చినవి. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను. అంతకు ముందు కండరము కదలుటకు లాక్టిక్ ఆమ్లమే మూలమని గొప్ప గొప్ప శాస్త్రజ్ఞులు నమ్మియుండిరి. ఆ నమ్మకము ఈ పరిశోధనలతో సడలిపోయెను. సుబ్బారావు గారు 1948లో అమెరికాలోనే దివంగతులైరి. గుండెకు రక్తము తగ్గినప్పుడు మొట్టమొదట తరుగునది ఆయన కనుగొన్న ఫాస్ఫోక్రియాటినే. గోదావరి తీరమున పుట్టినవాని పేరు ఈ ఊళ్ల పాఠశాలలలో ఇంకను గట్టిగా వినబడవలెనని మా అభిప్రాయము. ఇది ప్రసంగమునకు కొంచెము దూరమైనను క్షమింతురుగాక.

ఇప్పుడు ఒక ధమని మూసికొనినదనుకొనుడు. దాని క్రింది కండరములో మిగిలిన ప్రాణవాయువు కొలది సెకనులలో అయిపోవును. క్రొవ్వును కాల్చు పని ఆగును. కాలక మిగిలిన క్రొవ్వు ఆమ్లములు కణములో పేరుకొని హాని చేయును. ఫాస్ఫోక్రియాటిన్ తొలి నిమిషములలోనే దాదాపుగా ఖాళీ అగును. ఏ.టి.పి. అంతకంటె నెమ్మదిగా తగ్గును. కణము గ్లూకోజును ప్రాణవాయువు లేకయే విరిచి బ్రదుకజూచును. కాని గాలి అందిన పొయ్యికిని అందని పొయ్యికిని ఉన్న భేదము మన గృహిణులెరుగుదురు. ప్రాణవాయువు ఉన్నచో ఒక గ్లూకోజు అణువు నుండి సుమారు 30 ఏ.టి.పి. వచ్చును, లేనిచో రెండే. పైగా పొగ నిండినట్లు లాక్టిక్ ఆమ్లము నిండును. మామూలుగా రక్తప్రవాహము ఈ ఆమ్లమును కడిగి తీసికొనిపోవలెను. ప్రవాహమే ఆగినప్పుడు కడుగువారెవరు? ఆమ్లము పెరిగి, చివరకు ఆ రెండు ఏ.టి.పి.ల తయారీ కూడ కుంటుపడును.

కండరము పని కూడ వెంటనే మారును. మొదట చెడునది ముడుచుకొను శక్తియని చాలమంది తలంతురు. నిజమునకు మొదట చెడునది వదులగు శక్తి. వదులగుటకు కూడ ఖర్చు కలదు. కణములోనికి వచ్చిన కాల్షియమును మరల లోపలి గిడ్డంగిలోనికి తోడివేయవలెను, అందులకు ఏ.టి.పి. కావలెను. వదులు కాని గుండెలో రక్తము సరిగా నిండక వెనుక ఊపిరితిత్తులలో ఒత్తిడి పెరుగును. ఆయాసమునకు ఒక కారణమిది. తరువాత ముడుచుకొనుట తగ్గును. 1935లో అమెరికాలో టెన్నంట్, విగ్గర్స్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు కుక్కల గుండెలో ఒక ధమనిని బిగించి చూచిరి. ఒక నిమిషము లోపలనే ఆ ధమని క్రింది కండరము ముడుచుకొనుట మాని, తక్కిన గుండె ముడుచుకొనునప్పుడు బుడగవలె వెలుపలికి ఉబ్బెను. మిగిలిన మంచి కండరము తన పని తాను చేయుటయే గాక ఆ ఉబ్బునకు వ్యర్థమైన శ్రమ కూడ భరింపవలసి వచ్చును.

ఏ.టి.పి. ఇంకను మిగిలియుండగనే కండరము ఏల ఆగును? ఆమ్లమును, విడిపడి పేరుకొనిన భాస్వరమును కలిసి కండరపు దారములను కాల్షియము పిలుపునకు పలుకకుండ చేయును. ఒక విధముగా ఇది గుండె చేయు పొదుపు. చెరువులో నీరు తగ్గుచున్నదని తెలిసిన రైతు దాళ్వా మాని ఉన్న నీటితో నారుమడిని బ్రతికించుకొనును. కణము కూడ పని మాని ప్రాణము నిలుపుకొనజూచును. ఈ పొదుపు వలన కొన్ని నిమిషముల వ్యవధి దొరకును. ఆ వ్యవధి చాల విలువైనది.

ఇంతవరకు నొప్పి మాట మేము ఎత్తలేదు. ఎత్తకపోవుటకు కారణము, వరుసలో అది కడపటిది. ముందు కణములోని జీవక్రియ మారును, పిదప వదులగుట చెడును, తరువాత ముడుచుకొనుట తగ్గును, అటుపిమ్మట ఇ.సి.జి. గీత మారును, చిట్టచివరకు నొప్పి తెలియును. అదియు అందరికి తెలియదు. మధుమేహము చిరకాలముగా నున్నవారిలో నరములు మొద్దుబారి నొప్పి లేకయే గుండెపోటు రావచ్చును. స్త్రీలలోను, వృద్ధులలోను అది చెమట, నీరసము, వాంతి, ఆయాసము అను వేషములతో రావచ్చును. నొప్పి లేదు గనుక గుండె కాదు అను తర్కము నిలువదు.

మరియొక అపాయము కూడ కలదు. ప్రాణవాయువు అందని కణములనుండి పొటాషియము బయటికి కారును. ఆ ప్రాంతపు విద్యుత్తు తీరు మారిపోయి గుండె లయ తప్పవచ్చును. అప్పుడు గుండె కొట్టుకొనక వణకును. నిమిషము క్రితము మాటలాడుచున్న మనిషి ఒరిగిపోవుట చాల తరచుగా ఇందువలననే. కండరములో అధికభాగము ఇంకను బ్రతికియుండగనే మనిషి పోవుట ఇందలి విషాదము. ఇట్లు స్పృహ తప్పి శ్వాస ఆడనివాని రొమ్ము నడుమ రెండు చేతులతో బలముగా, వేగముగా, నిమిషమునకు 100 నుండి 120 సారులు అదుముచుండవలెను. వైద్యుడు వచ్చువరకు ఆపరాదు. ఈ విద్య నేర్చుటకు డిగ్రీలు అక్కరలేదు; ఒక పూట శిక్షణ చాలును.

ధమని అంతయు మూసికొనకుండ ఇరుకైనచో కథ వేరు. కూర్చున్నప్పుడు రక్తము చాలును. గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని గట్టు ఎక్కినప్పుడు చాలదు. రొమ్ము నడుమ బరువు పెట్టినట్లు, పిండినట్లు నొప్పి వచ్చి, నిలువబడి సేదదీరిన కొలది నిమిషములకు తగ్గును. ఇంగ్లండులో హెబర్డెన్ అను వైద్యుడు 1768లోనే ఈ నొప్పిని స్పష్టముగా వర్ణించియున్నాడు. ఈ దశలో కండరము చావదు. తగ్గిపోయినది గదాయని ఊరకుండుట మాత్రము తెలివి కాదు. నడిచినప్పుడు వచ్చు నొప్పి కూర్చున్నప్పుడు కూడ రాసాగినచో, లేక రోజురోజుకు తరచుదనము పెరిగినచో, ఆ దినమే వైద్యుని చూడవలెను.

ధమని మూసికొనుటను మేము కాలువ పూడికతో పోల్చవచ్చును గాని ఆ పోలిక కొంత దూరమే వచ్చును. పూడిక కాలువ అడుగున పేరుకొనును. ధమనిలో క్రొవ్వు గోడ లోపల పేరుకొనును. పైన పలుచని పొర యుండును. ఆ పొర చిట్లినప్పుడు రక్తము అచట గడ్డకట్టి నిమిషములలో దారి మూసివేయును. కొంచెమే ఇరుకైన ధమని కూడ ఇట్లు హఠాత్తుగా మూసికొనవచ్చును. మొన్నటివరకు బస్తాలు మోసినవాడు నేడు పోవుటలో వింత లేదు. ఏండ్ల తరబడి మెల్లగా ఇరుకైన చోట ప్రక్కనుండి చిన్న ధమనులు పెరిగి కొంత రక్తమును చేరవేయును. హఠాత్తుగా మూసికొనిన చోట అట్టి ప్రక్క దారులుండవు.

మూసికొనిన ధమని ఎంతకాలము మూసియున్నది అనుటపై మిగిలిన కథయంతయు ఆధారపడును. అమెరికాలో రైమర్, జెన్నింగ్స్ అను పరిశోధకులు కుక్కలపై చేసి 1977లో ప్రకటించిన పరిశోధనలలో ఈ సంగతి తేటపడెను. సుమారు 20 నిమిషముల లోపల రక్తము తిరిగి వచ్చినచో కండరమంతయు కోలుకొనును. తరువాత చావు మొదలగును. అది కండరమంతట ఒక్కసారి రాదు. మేము చెప్పిన శివారు, అనగా గోడ లోపలి అంచున మొదలై, అలవలె వెలుపలి వైపునకు ప్రాకును. 40 నిమిషములకు కొంత భాగము, 3 గంటలకు సగమునకు పైన, 6 గంటలకు అధికభాగము పోవును. మనిషిలో ప్రక్క దారులను బట్టి ఈ కాలము కొంత హెచ్చుతగ్గులగును గాని తీరు అదే. చచ్చిన గుండె కణములకు బదులు కొత్తవి పుట్టుట దాదాపుగా లేదు. ఆ చోట కొన్ని వారములలో మచ్చ ఏర్పడును. మచ్చ ముడుచుకొనదు. ఆ మనిషి బ్రతికినను పూర్వపు పని చేయలేడు; కుటుంబమున ఒక నాగలి తగ్గినట్లే.

అయితే కదలని కండరమంతయు చచ్చినదని భావింపరాదు. ఈ సంగతి వైద్యులకే చాలకాలము స్పష్టముగా తెలియలేదు. రక్తము సకాలమున తిరిగి వచ్చినను కొన్ని గంటలు, కొన్ని దినములు కండరము దిమ్మెరపోయి కదలకుండవచ్చును. తరువాత దానంతట అది కోలుకొనును. 1982లో బ్రాన్‌వాల్డ్, క్లోనర్ అను వైద్యులు దీనిని విశదపరచిరి. మరియొక స్థితి, నెలల తరబడి రక్తము కొద్దికొద్దిగా అందుచున్నప్పుడు కండరము తన పనిని ఆ కొద్దిపాటి రక్తమునకు తగినట్లు తగ్గించుకొని నిదురించుట. ఎండకాలమున ఆకు రాల్చి నిలుచు చెట్టును ఎండిన చెట్టని నరికివేయుదుమా? రక్తదారిని బాగుచేసినచో అట్టి కండరము మేలుకొనును. 1980 దశకమున రహింతులా అను వైద్యుడు దీనిని ప్రచారములోనికి తెచ్చెను. ఏ భాగము మచ్చయో, ఏ భాగము నిదురించుచున్నదో పరీక్షలతో తెలిసికొనినగాని శస్త్రచికిత్స ఎవరికి మేలు చేయునో నిర్ణయింపలేరు.

దారి తెరచుట వలన కూడ కొంత నష్టము కలదు. బీడు పడి నెర్రెలు వారిన చేనికి ఒక్కసారిగా నీరు వదలినచో గట్లు తెగునట్లు, రక్తము తిరిగి వచ్చినప్పుడు కాల్షియము వరదగా కణములలో చొరబడి, ప్రాణవాయువు నుండి పుట్టిన చురుకైన విషపదార్థములు తోడై, కొన్ని కణములు ఆ సమయముననే నశించును. లయ కూడ తప్పవచ్చును. అందువలననే ఈ చికిత్స గుండె తీరును కనిపెట్టు యంత్రమున్న చోట జరుగవలెను. ఇంత చెప్పినను, తెరచుట వలన లాభమే అనేక రెట్లు.

ఇక గ్రామము సంగతి. రాత్రి తొమ్మిది గంటలకు ఇంటి పెద్దకు రొమ్ము క్రింద బరువుగా నుండును, చెమటలు పోయును, వాంతి వచ్చినట్లుండును. కొడుకు ఆసుపత్రికి పోదమన్నచో ఆయన ఏమనునో మనకు తెలియును: “ఏం లేదులేరా నాయనా, మధ్యాహ్నం వంకాయ కూర పడలేదు, గ్యాసు పట్టింది. ఆ సోడా ఒకటి పట్రా.” సోడా వచ్చును. త్రేన్పు వచ్చును. కొంచెము తగ్గినట్లుండును. తరువాత వాము నీరు, ఆపై వీపున మర్దనము, ఆపై పొరుగింటి వారి సలహా. ఆర్.ఎం.పి. వచ్చి సూది వేయును. తెల్లవారును. గుండె క్రింది భాగము పొట్టను వేరుచేయు పొరపైననే ఆనియుండును; ఆ రెంటి నొప్పిని మెదడు స్పష్టముగా వేరుపరుపలేదు. కావున పెద్దాయన అబద్ధమాడలేదు, ఆయనకు నిజముగా కడుపు నొప్పియే తోచినది. కాని పైన చెప్పిన ఆరు గంటలు ఆ సోడాతోను వాముతోను గడచిపోయినవి. మా అభిప్రాయమున ఈ జబ్బున మన గ్రామములు చెల్లించు మూల్యములో పెద్దపాలు మందులు లేకపోవుట వలన కాదు, ఈ రాత్రి వలన.

నలుబది దాటినవారికి, లేక రక్తపు పోటు, మధుమేహము, చుట్ట, బీడీ అలవాటు ఉన్నవారికి ఇట్టి లక్షణములు పదిహేను నిమిషములకు మించి యున్నచో గుండెయేనని అనుకొని ముందు 108కి ఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న మన ప్రాంతమున ఆరంభమైన ఈ సేవకు రుసుము లేదు. రోగిని నడిపింపరాదు, మెట్లెక్కింపరాదు, మోటారు సైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోరాదు. గుండె వేగము హెచ్చినచో పని పెరుగును, వంతు కాలము తరుగును అని ముందే చెప్పితిమి. కూర్చుండబెట్టి, వీపునకు ఆనిక యిచ్చి, ధైర్యము చెప్పవలెను.

ఆస్పిరిన్ విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. 1988లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధనలో 17,187 మంది గుండెపోటు రోగులను చూచిరి. ఆస్పిరిన్ ఒక్కటి ఇచ్చినవారిలో అయిదు వారముల లోపలి మరణములు సుమారు నాల్గవ వంతు తగ్గినవి. ఆస్పిరిన్‌తోపాటు గడ్డను కరిగించు స్ట్రెప్టోకైనేస్ కూడ ఇచ్చినవారిలో నూటికి నలుబది పాళ్లకు పైగా తగ్గినవి. ఆ మాత్ర చాల చౌక. 300 మిల్లీగ్రాముల మాత్రను నమిలి మ్రింగవలెను. నమిలినచో త్వరగా రక్తములో చేరును. ఆస్పిరిన్ పడనివారికి, కడుపులో పుండ్లు, రక్తస్రావము ఉన్నవారికి, మూతి వంకరపోయి చేయి కాలు పడిపోయినవారికి ఈయరాదు. ఆరోగ్య కార్యకర్తను గాని, 108లో మాటలాడు వైద్య సిబ్బందిని గాని అడిగి ఇచ్చుట మేలు. గడ్డను కరిగించు సూది మొదటి గంటలలో ఎక్కువ ఫలమిచ్చును. పండ్రెండు గంటలు దాటిన పిమ్మట ప్రయోజనము స్వల్పము. ధమనిని బుడగతో తెరచు సదుపాయము రెండు గంటల లోపల అందగలిగినచో అది ఇంకను శ్రేష్ఠము.

పంచాయతీ ఏమి చేయగలదని మీరు అడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. అందు 23వ అంశము ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు. కావున అడుగుటకు మీకు అధికారము కలదు. ఇ.సి.జి. యంత్రము సమీపమున ఏ ఆసుపత్రిలో నున్నది, రాత్రివేళ దానిని తీయువాడు ఉండునా, గడ్డను కరిగించు సూది ఎచట దొరకును, ఊరినుండి అచటికి ఎన్ని నిమిషములు పట్టును? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులను గుండెపోటు వచ్చిన రాత్రి వెదకుట అసాధ్యము. ముందే విచారించి పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు. శివారు పేటకు అంబులెన్సు పోవు దారిలో గోతులున్నచో, వర్షాకాలమున కల్వర్టు మునుగుచున్నచో, దానిని వైద్య విషయముగానే ఎంచి తీర్మానము చేయుడు.

రక్తపు పోటు పరీక్ష ఉపకేంద్రమున ఉచితముగా జరుగును. కాని పోటు ఎక్కువైనను ఒంటికి తెలియదు గనుక పోవువారుండరు. ముప్పది దాటిన ప్రతివారిని ఏడాదికొకసారి పరీక్షింప చేయుటకు వార్డు సభ్యుడు పూనుకొనినచో చాలును. ఆరోగ్య కార్యకర్త ఒక్కతె ఇంటింటను బ్రతిమాలుకొనుట కంటె అది సుళువు. చుట్టను గూర్చి కూడ ఒక మాట. పొగలోని బొగ్గుపులుసు వాయువు కంటె అపాయకరమైన కార్బన్ మోనాక్సైడ్ రక్తములో ప్రాణవాయువు కూర్చుండవలసిన పీటపై తాను కూర్చుండును. నికొటిన్ గుండె వేగమును పెంచి ధమనులను బిగించును. అనగా ఒకే దమ్ములో రాబడి తగ్గును, ఖర్చు పెరుగును. ఉత్తర కోస్తాలో అడ్డపొగ త్రాగు అవ్వలకు ఈ మాట చెప్పుట కష్టమని మేమెరుగుదుము. అయినను మనుమలు చెప్పినచో కొందరు వినుచున్నారు.

చివరగా ఒక చిన్న పని. ఊరిలో ఎవరికైనను ఇట్టి నొప్పి వచ్చినప్పుడు, అది మొదలైన గడియారపు వేళను ఒక కాగితముపై వ్రాసి రోగి జేబులో పెట్టి పంపుడు. సోడా త్రాగిన వేళ కాదు, ఆర్.ఎం.పి. వచ్చిన వేళ కాదు, మొదటి బరువు తెలిసిన వేళ. ఆసుపత్రిలో వైద్యుడు మొదట అడుగు ప్రశ్న అదియే, సూది వేయవలెనా లేదా అను నిర్ణయము చాలవరకు దానిపైననే నడచును. కంగారులో నున్న ఇంటివారు తరచుగా తలకొక వేళ చెప్పుదురు. మాకిచ్చిన కాలము పూర్తియైనది. మీ ప్రశ్నలేమైన నున్నచో అడుగవలసినదిగా కోరుచున్నాము.